సంతవీధిలో కూర్చున్న పిల్లలు

ధ్యాన భాగములు: మత్తయి 11:16–19; 1 కొరింథీయులకు 11:33, 14:26–33



మన ప్రభువు ఆటలను గూర్చి ప్రత్యేకముగా బోధించినట్లు సువార్తలలో ఎక్కడను కనబడదు. అయినను ఆయన పిల్లల ఆట నొకదానిని శ్రద్ధగా గమనించియుండెనని మత్తయియు లూకాయు వ్రాసిన మాటలవలన తెలియుచున్నది. సంతవీధిలో పిల్లలు కొందరు కూర్చుండిరి. ఒక జట్టువారు పెండ్లివారివలె పిల్లనగ్రోవి ఊదిరి. రెండవ జట్టు లేచి ఆడలేదు. పోనిమ్మని మొదటివారు చావు ఇంటివారివలె ఏడ్పు పాట ఎత్తుకొనిరి; రెండవ జట్టు అప్పుడును కదలలేదు. అంతట మొదటివారు చెలికాండ్రమీద ఫిర్యాదు మొదలుపెట్టిరి.

ఈ ఆట మన పల్లెలకు క్రొత్త కాదు. బొమ్మల పెండ్లి చేసి, పాత డబ్బాను డోలుగాను, కొబ్బరాకు బూరను సన్నాయిగాను పెట్టుకొని మేళము నడిపింపని పిల్లలెవరు? ఆ సాయంకాలమే వీధిలో శవము వెళ్లుట చూచినయెడల, మరునాడు అదే డబ్బామీద చావు డప్పు వాయింతురు. పెద్దలు అది చూచి కసరుదురు. ప్రభువు కసరలేదు. వారి తగవును మాత్రము తీసికొని, యోహాను ఉపవాసమును గాని మనుష్యకుమారుని పంక్తిభోజనమును గాని ఒప్పుకొనని ఆ తరమువారికి అద్దముగా పట్టెను. ప్రసంగికులు సాధారణముగా ఆ తరమువారిని గూర్చి మాటలాడుచు పిల్లలను సంతవీధిలోనే విడిచి వచ్చెదరు. ఈ నెల మనము కొంచెముసేపు ఆ పిల్లలయొద్దనే కూర్చుందము.

మన సంఘపు పిల్లలు ఈ వేసవి సెలవులలో కూర్చున్న సంతవీధి వేరొకటి. అది కంప్యూటరు తెర. అక్కడను వారు స్నేహితులతో కూడి పాట కట్టుచున్నారు. ‘ఇన్‌క్రెడిబాక్స్’ అను ఆట పేరు చెప్పి, ఇది విశ్వాసుల పిల్లలకు తగునా అని తలిదండ్రులు కొందరు మమ్మును అడిగిరి. అడిగినవారిలో సగముమంది దానిని చూడలేదు. చూచినవారు వంటపని మధ్య చూచిరి. కనుక ముందు అది యేమో చెప్పుట మంచిది.

ఫ్రాన్సు దేశములోని ‘సో ఫార్ సో గుడ్’ అను చిన్న సంస్థవారు 2009లో దీనిని వెలువరించిరి. వెబ్ బ్రౌజరు తెరచి ఆడుకొనవచ్చును. తెరమీద ఏడుగురు మనుష్యులు ఏ అలంకారమును లేక, పలుకక, వరుసగా నిలిచియుందురు. వారి క్రింద ఇరువది గుర్తులుండును. కొన్ని దరువునకు, కొన్ని రాగమునకు, కొన్ని వింత ధ్వనులకు, కొన్ని గొంతులకు. ఒక గుర్తును మౌస్‌తో లాగి ఒకనిమీద వేసినయెడల వాడు టోపీయో కోటో ధరించి తన వంతు మొదలుపెట్టును. దరువు సహితము నోటితోనే పలుకును. వినగా మన కచేరీలలో కొన్నక్కోలు చెప్పువారు జ్ఞాపకము వచ్చిరి. గుర్తును తీసివేసినయెడల వాడు మరల మౌనముగా నిలిచిపోవును. ఈ ఆటకు పెక్కు రూపములు కలవు. ‘జీవన్’ అను పేరుగల ఒకటి మన దేశపు బాణీలతో కూర్చబడినది.

ఇందులో ఒక చిన్న ఏర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. గుర్తు వేసిన తక్షణమే ఆ మనిషి పాడడు. అప్పటికి నడుచుచున్న ఆవర్తనము ముగియువరకు వానిమీద ఒక వలయము మెల్లగా నిండుచుండును. నిండిన తరువాతనే వాడు తాళములోనికి వచ్చును. మరియు ఒకానొక ఐదు గుర్తులు ఒక్కచోట కలిసినప్పుడు, మరుగైయున్న బొమ్మల పాట ఒకటి బయటపడును. దానిని కనుగొనుటకై పిల్లలు పూటలకొలది వెదకుచుందురు.

తగునా తగదా అను ప్రశ్నకు మా జవాబు పొట్టిది. ఆటలో పాపమేమియు మాకు కనబడలేదు. అయితే 2024 మొదలుకొని ‘స్ప్రంకి’ అను పేరుతో, అభిమానులు కల్పించిన అనుకరణ యొకటి పిల్లలలో ప్రబలినది. అందులో ఒక గుర్తు వేయగానే నవ్వు ముఖములు భీకరరూపములగును. రక్తపు బొమ్మలును కనబడును. చిన్నపిల్లలకు అది తగదు. పేరు చూచి తెలిసికొనుడి; ఎంతసేపు ఆడవలెనన్నది ప్రతి ఇంటివారు తామే నిర్ణయించుకొనవలెను. ఇకపోతే, ప్రవక్తయైన జెకర్యా బాగుపడిన యెరూషలేమును వర్ణించుచు (8:4–5), కఱ్ఱ పట్టుకొన్న వృద్ధులును వృద్ధురాండ్రును కూర్చున్న వీధులలోనే బాలురును బాలికలును ఆడుచుందురని చెప్పెను. ముసలివారికి ఒక వీధియు పిల్లలకు ఒక వీధియు ఆయన చూపలేదు. ఈ మాట మరల మనకు అవసరమగును.

మన యౌవనుల కూటములో జరిగినది చెప్పెదము. ఏప్రిల్ నెలలో ఒక సాయంకాలము ప్రార్థన ముగిసిన తరువాత, పిల్లలు లాప్‌టాప్‌ను హాలులోని టీవీకి తగిలించి ఈ ఆట పెట్టిరి. పదకొండుమంది పిల్లలు, మౌస్ ఒక్కటే. దానిని మొదట పట్టుకొన్నవాడు దరువులు ప్రియమైన కుర్రవాడు. ఐదుగురికి దరువులే తగిలించెను. మిగిలిన ఇద్దరికి తనకు నచ్చిన రెండు గొంతులు పెట్టెను. ఒక బాలిక రాగము కావలెననెను. చోటు లేదు. ఆమె కోరినది రావలెనన్న అతడు పెట్టినవాటిలో ఒకటి పోవలెను. అతడు మౌస్ ఇయ్యలేదు. ఆమె చెలులు లేచి ఇంటికి పోవ సిద్ధపడిరి. “మేం ఎన్నిసార్లు అడిగినా మీరు వినరు” అని ఒక వైపును, “మీరు అసలు ఆడటానికే రాలేదు” అని మరియొక వైపును కేకలు లేచెను. ఊదితిమి గాని ఆడరైరి అన్న ఆ సంతవీధి తగవు, ఇరువది శతాబ్దముల తరువాత, మన హాలులో టీవీ యెదుట మరల కూర్చున్నది.

అప్పుడు వెనుక బెంచీమీదనుండి ఒక పిల్లవాడు మాటలాడెను. వానికి పదునాలుగేండ్లు. గొంతు మారుచున్న వయస్సు. వానిని గూర్చి ఒక మాట చెప్పవలెను. గత క్రిస్మసునకు ముందు ఒక క్వయిరులో అభ్యాసము జరుగుచుండగా, వాని గొంతు పగిలి అపశ్రుతి వచ్చినదని, కార్యక్రమము దినమున నిలువబడి పెదవులు మాత్రము కదపుమని పెద్దవారొకరు వానితో చెప్పిరి. చెప్పినవారు దుష్టులు కారు. కార్యక్రమము బాగుగా జరుగవలెనని తొందరపడినవారు. పిల్లవాడు చెప్పినట్లే చేసెను. పెదవులు కదపెను. అటుపిమ్మట మూడు నెలలు ఇంటి ప్రార్థనలోను వాడు పాటకు నోరు తెరువలేదని తల్లి మాతో చెప్పినది.

ఆ పిల్లవాడు ఆ సాయంకాలము, “అన్నా, ఆ మూడోవాణ్ణి ఒక్కసారి ఆపవా? వెనకాల సన్నగా ఏదో ఉంది, వినపడట్లేదు” అనెను.

ఎందుచేతనో మౌస్ పట్టుకొన్నవాడు ఆ మాట వినెను. మూడవవానిని ఆపెను. దరువు ఒకటి తగ్గగానే, అంతవరకు ఎవరును ఎరుగని చిన్న కూనిరాగము చివరి మనుష్యునియొద్ద వినవచ్చెను. అది మొదటినుండి అక్కడనే యుండెను. పదకొండుమంది పిల్లలు ఒక నిమిషము మాటలేక వినిరి. తరువాత ఆ బాలిక కోరిన రాగము ఆ ఖాళీ చోటనే చేరినది.

కొరింథు సంఘమువారి కూడికను ఇప్పుడు చూడుడి. ఒకనికి కీర్తన, ఒకనికి బోధ, ఒకనికి భాష, ఒకనికి బయలుపాటు. అందరియొద్దను ఏదో ఒకటి కలదు. వారివి దొంగ వరములని పౌలు అనలేదు. వంతులచొప్పున, ఇద్దరు లేక ముగ్గురు అని హద్దు పెట్టెను. అక్కడ కూర్చున్న మరియొకనికి ఏదైనను బయలుపరచబడినయెడల మొదటివాడు మౌనముగా నుండవలెనని ముప్పదియవ వచనములో చెప్పెను. ఈ వచనమును మనము త్వరపడి దాటిపోవుదుము. లోకమర్యాదచొప్పున అయితే, మొదటివాడు ముగించువరకు రెండవవాడు కాచుకొనవలెను. పౌలు దానిని తలక్రిందులు చేసెను. నిలువబడి మాటలాడుచున్నవాడే, మాటలాడుటకు హక్కుగలవాడే, కూర్చున్నవానికి చోటిచ్చి మానవలెను. ఆత్మ నన్ను ఆపనీయడు లేదని ఎవడైనను చెప్పుకొనునేమో అని, ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనములోనే యుండునని కూడ ముప్పది రెండవ వచనములో చేర్చెను. ప్రసంగికులకును ఈ మాట చెందును. గడియారమును ప్రసంగికునికి కనబడని గోడకు తగిలించిన మందిరములలో మరి విశేషముగా చెందును.

అయితే తెరమీది ఆటకును సంఘమునకును పోలిక ఇంతవరకే వచ్చును. ఇక్కడనుండి రెండును వేరగును. ఆ ఇరువది ధ్వనులను కూర్చినవారు వాటినన్నిటిని ఒకే శ్రుతిలో, ఒకే లయలో ముందుగానే అమర్చియుంచిరి. దేనిని దేనిపక్కన వేసినను అపస్వరము రాదు. పిల్లవాడు ఎంత తెలియనివాడైనను తప్పు చేయలేడు. తీసివేయబడినవాడు నొచ్చుకొనడు, చలికాలములో వాని గొంతు పట్టుకొనదు, పదునాలుగవ యేట పగులదు. మనము ఊదితిమి, వారు ఏడుగురును ఆడిరి. దినమెల్ల ఇట్టి విధేయతకు అలవాటుపడిన బిడ్డ, తన చెల్లెలు ఆడనన్నప్పుడు ఏమి చేయునో తలిదండ్రులు గమనింపవలెను. ఎంతసేపు ఆడెనని లెక్కపెట్టుటకంటె ఇది ముఖ్యము.

ఇట్టిదే మరియొక ఆట 2019 మార్చి 21న వచ్చినది. ఆ దినమున గూగుల్ సంస్థవారు సంగీత విద్వాంసుడైన బాహ్‌ను జ్ఞాపకము చేయుచు తమ మొదటి పుటలో పెట్టినది అది. రెండు కొలతల పొట్టి బాణీ మనము వేసినయెడల, యంత్రము దానికి మిగిలిన మూడు గొంతులను బాహ్ పద్ధతిలో కూర్చి వినిపించును. ఆ పద్ధతిని అది నేర్చుకొన్నది బాహ్ సమకూర్చిన 306 కోరలులనుండి. అనగా లూథరు సంఘములవారు మందిరములలో పాడు కీర్తనలకు ఆయన నాలుగు గొంతులలో చేసిన కూర్పులనుండి. లోకమంతట పిల్లలు పెద్దలు దానితో ఆడుకొనిరి. ఆ యంత్రము విద్య మందిరపు పాటనుండి వచ్చినదని వారిలో ఎంతమంది ఎరుగుదురో!

ఆ బాహ్‌కు గొంతులు ఇంత సుళువుగా దొరకలేదు. ఆయన 1723 మొదలుకొని 1750లో మరణమగువరకు జర్మనీలోని లైప్‌జిగ్ పట్టణములో పనిచేసెను. అక్కడి సెయింట్ థామస్ పాఠశాల బాలురే ఆయన గాయకులు. 1730 ఆగస్టులో ఆయన నగర సభవారికి ఒక విన్నపము వ్రాసి, బాలురను మూడు తరగతులుగా విభజించి లెక్క చూపెను. పనికివచ్చువారు 17, ఇంకను పనికిరానివారు 20, పనికేరానివారు 17. ఆయనమీద నేరము మోపుట మా ఉద్దేశము కాదు. పట్టణపు మందిరములకు ఆదివారము ఆదివారము పాట అందింపవలసిన బాధ్యత ఆయనది; తగిన మనుష్యులను ఇయ్యక పనిమాత్రము కోరిన నగర సభవారితో ఆయనకు వ్యాజ్యెమే. అయినను ఆ లెక్క చదువునప్పుడు మా కన్ను చివరి పదునేడుగురిమీద నిలిచిపోవుచున్నది. వారు ఏ పాట విని పెరిగిరో, ఇంటికి పోయి తల్లులతో ఏమి చెప్పిరో కాగితములో లేదు. మధ్య తరగతిలోని “ఇంకను” అను మాట మాత్రము దయగలది. మన క్వయిరు నాయకులు ఆ మాటను అరువు తెచ్చుకొని, మూడవ తరగతిని బాహ్‌గారి కాగితములోనే విడిచి పెట్టినయెడల మేలగును.

స్వరము మారుట రోగము కాదు. బాలునికి కొన్ని నెలలు, ఒక్కొక్కనికి సంవత్సరము పైగా పట్టును, తరువాత కుదుటపడును. ఆ మధ్యకాలములో వానికి తక్కువ స్థాయిలో ఒక వరుస ఇచ్చి పాడింపవచ్చును. మెల్లగా పాడుమని చెప్పవచ్చును. పాడినట్లు నటింపుమని దేవుని మందిరములో ఎవరును చెప్పకూడదు. కన్ను చేతితో నీవు నాకు అక్కరలేదని చెప్పజాలదని వ్రాసిన అపొస్తలుడు, మరి బలహీనములుగా కనబడు అవయవములు అవశ్యములని కూడ అక్కడనే (1 కొరింథీ 12:21–22) వ్రాసెను.

ఇక వేరొక విధమైన ఆట కలదు. ‘క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్’ అను పేరుతో గూగుల్ సంస్థవారు 2016లో కొన్ని సంగీతపు ఆటలను బ్రౌజరులో పెట్టిరి. వాటికి 2020లో ‘షేర్డ్ పియానో’ అనునది చేర్చిరి. ఒకరు లింకు పంపినయెడల పదిమందివరకు ఎవరి ఇంట వారు కూర్చుండి ఒకే పియానో వాయింపవచ్చును. ఇక్కడ అపస్వరము తప్పక వచ్చును, అందుచేత మాకు ఇది మరింత ఇష్టమైనది. మన సంఘపు పిల్లలు ఇద్దరు, హైదరాబాదులోని పినతల్లి కుమారునితోను, అమెరికాలో డల్లాస్ పట్టణమందున్న మేనత్త కుమార్తెతోను కలిసి సండేస్కూలు పాట ఒకటి వాయింపజూచిరి. నాలుగు వరుసలు పోకముందే పాట నీరసించి, కాళ్లీడ్చి, ఆగిపోయెను. డల్లాస్ పిల్లకు తాళము తెలియదని ఇక్కడివారు, ఇక్కడివారే త్వరపడుచున్నారని ఆమె!

ఎవరి తప్పును లేదు. గాలిలో శబ్దము సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. పది మీటర్ల దూరమున నిలిచినవాని స్వరము మన చెవికి చేరుటకు సెకనులో వేయవ వంతులు ముప్పది పట్టును. అంతమాత్రము ఆలస్యమును మనుష్యులు ఓర్చి కలిసి వాయింపగలరు. అది చాల పెరిగినయెడల, ప్రతివాడును ఎదుటివానికొరకు ఆగును, ఎదుటివాడు వీనికొరకు ఆగును, పాట కుంటుపడును. హైదరాబాదునుండి డల్లాస్‌కు సూటి దూరమే 14,000 కిలోమీటర్లు పైచిలుకు. గాజు తీగెలలో పరుగెత్తు వెలుగునకే ఆ దూరము దాటుటకు వేయవ వంతులు డెబ్బదికి తక్కువ పట్టదు. నిజముగా పట్టునది ఇంకను ఎక్కువ. 2020లో మందిరములు మూయబడిన దినములలో జూమ్‌లో కీర్తన ఎత్తుకొన్న ప్రతి సంఘమును ఈ అవస్థ ఎరుగును. చివరకు అందరి మైకులు కట్టి, ఒకరు మాత్రము పాడగా, మిగిలినవారు ఎవరి ఇంట వారు పాడుకొనిరి.

పిల్లలు ఈ చిక్కును విప్పుకొన్న తీరు వినదగినది. కలిసి వాయించుట మానిరి. హైదరాబాదువాడు పల్లవి వాయించి చేతులు తీసివేయును. ఆ ధ్వని సముద్రము దాటి చేరువరకు అందరును ఊరకుందురు. అప్పుడు డల్లాస్ పిల్ల చరణము ఎత్తుకొనును. 136వ కీర్తనను ఎరిగినవారికి ఇది పరిచయమైన బాటయే. ఆ ఇరువదియారు వచనములలో ప్రతి దానికి రెండవ సగము ఒకే పల్లవి, ఒకరు చెప్పగా అందరును బదులిచ్చుటకు తగినట్లు కూర్చబడినది. మధ్య మౌనము ఎక్కువ గనుక పాట రెండింతల సేపు పట్టినదట. ఎవరును విసుగుకొనలేదట.

మనము కూడిన మందిరములో అందరము కలిపి పది పదిహేను మీటర్లలోనే యుందుము. సముద్రము అడ్డము లేదు. అయినను ఒకరికొరకు ఒకరము ఆగుచున్నామా?

మన సంఘములో ఒక మామ్మగారు కలరు. ఎనుబది దాటినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఆమెకు పుస్తకము అక్కరలేదు. ఆ పుస్తకములో ప్రతి కీర్తనకు పైన రాగమును తాళమును అచ్చువేయుట మనమెరుగుదుము. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) వంటి భక్తులు ఈ దేశపు రాగములలోనే ప్రభువును స్తుతించిరి గదా. ఆమె చేతితో ఒడిలో తాళము వేసికొనుచు, ప్రతి చరణము చివర ఊపిరి తీసికొని పాడును. ఇప్పుడు కీబోర్డుతోకూడ రిథమ్ ప్యాడ్ వచ్చినది. దానికి ఒక అంకె చెప్పి మీట నొక్కినయెడల, తెరమీది ఏడుగురివలెనే, అది ఎవరి ఊపిరికిని ఆగదు. ఆమె రెండవ చరణము మధ్యలో నుండగా సంఘము మూడవదానిలో నుండును. గత సంవత్సరమునుండి ఆమె ఒడిలో చేయి కదలుట మేము చూడలేదు. వాద్యములను మేము నిందింపము. 150వ కీర్తన కంచుతాళములను సహితము లోపలికి పిలిచినది. ప్యాడ్‌కు చెవులు లేవు, సరే. దానిని వాయించువానికి రెండు కలవు.

కొరింథీయులతో పౌలు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొనుడని చెప్పినది పాటను గూర్చి కాదు, ప్రభువు బల్లయొద్ద కూడుటను గూర్చి. కలిగినవారు ముందుగా వచ్చి భుజించుచుండిరి. లేనివారు ఆకలితో మిగిలిపోవుచుండిరి. ముందు తినినవారు ఎవనినైనను గెంటివేసిరని పౌలు వ్రాయలేదు. కాచుకొనకుండ మొదలుపెట్టిరి, అంతే. దానికే ఆయన, మీరు దేవుని సంఘమును తిరస్కరించుచున్నారా అని అడిగినంత కఠినముగా వ్రాసెను.

దావీదు గాయకులను ఏర్పరచిన విధము మొదటి దినవృత్తాంతముల ఇరువదియైదవ అధ్యాయములో కలదు. పాటలో ప్రవీణులైనవారు 288 మంది. పండ్రెండుగురి చొప్పున 24 వంతులు. ఆ వంతులకు చీట్లు వేసిరి. పిన్న పెద్ద అను భేదము లేదు, గురువు శిష్యుడు అను భేదము లేదు. పేర్ల పట్టీ నిండిన ఆ అధ్యాయమును మనము చదువకయే త్రిప్పివేయుదుము. ఆసాపు కుమారునికిని నిన్న నేర్చుకొన్న కుర్రవానికిని ఒకే కుండలోనుండి చీటీ వచ్చినట్లు దానిలో వ్రాయబడియున్నది. కుండ అనుట మా ఊహ. చీటీ మాత్రము వాక్యమే.

మన యౌవనులు ఆ తగవు జరిగిన తరువాత తమకు తామే ఒక ఏర్పాటు చేసికొనిరి. పేర్లు చీటీలమీద వ్రాసి ఒక టోపీలో వేయుదురు. ఎవరి చీటీ వచ్చిన వారు ఒక గుర్తు వేయవచ్చును, లేదా ఒకటి తీయవచ్చును, రెండును చేయరాదు. తరువాత మౌస్ చేతులు మారును. ప్రతి ఆటకు ఒకరిని వినువారిగా నియమింతురు. ఆ వ్యక్తి మౌస్ ముట్టడు. ఏ ధ్వని వినబడుట లేదో చెప్పుటయే వాని పని. ఈ పని మొదట ఎవరికిని ఇష్టము లేకపోయెను. వెనుక బెంచీ పిల్లవాడు దానిని వరుసగా మూడు వారములు చేసెను. ఇప్పుడు దానికొరకు పోటీ పడుచున్నారు, గనుక దానికిని చీటీ వేయవలసివచ్చినది.

ఆ పిల్లవాడు ఇది వ్రాయునప్పటికి క్వయిరునకు తిరిగి రాలేదు. రమ్మని పిలిచిరి, చూతుమనెను. సాయంకాలము నీళ్ల టిన్ను మోసికొని వచ్చునప్పుడు ఏదో కూనిరాగము తీయుచున్నాడని తల్లి చెప్పినది. అది ఏ పాటయని ఆమె అడుగలేదట. అడుగకుండుటయే మంచిదని మాకును తోచినది.

వచ్చే నెల రెండవ శనివారము సాయంకాలము ఐదున్నర గంటలకు యౌవనుల కూటము మన హాలులోనే జరుగును. ఈసారి పెద్దలును రావలెనని పిల్లలు కోరుచున్నారు. పెద్దల పేర్లును టోపీలో వేయుదురు. ఆట ముగిసిన తరువాత రిథమ్ ప్యాడ్ లేకుండ, చేతి తాళముతో, రెండు కీర్తనలు పాడుదురు. ఎత్తుకొనవలసినది మామ్మగారు. కబురు పంపగా ఆమె వచ్చెదనని చెప్పి రెండు షరతులు పెట్టిరి: మెట్లయొద్ద ఎవరైనను చేయి పట్టుకొనవలెను, ఆ టీవీ శబ్దము కొంచెము తగ్గింపవలెను.